కళ్లెమెఱిగిన రాయలు

విశాఖపట్టణము గొప్ప రేవుపట్టణము. 1933వ సంవత్సరమున ప్రారంభమైన అచ్చటి ఓడరేవునకు దేశదేశముల నౌకలు వచ్చును. దూరదేశముల నుండి ఓడలపై వచ్చు బొగ్గు అచ్చటి ఉక్కు కర్మాగారపు కొలుములను మండించును. ఈ నగరమునకు చేరువనే సింహాచలము కలదు. ఆ కొండపై వెలసిన వరాహ నరసింహస్వామి ఆలయమున, రేవును ఉక్కును లేని కాలమునాటి శాసనమొకటి నిలిచియున్నది. క్రీ.శ. 1516వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు తన దేవేరులైన చిన్నాదేవి, తిరుమలదేవులతో కూడి స్వామిని దర్శించెననియు, తన తల్లిదండ్రులకు పుణ్యముగా ముత్యాలహారము మొదలైన ఆభరణములను సమర్పించెననియు ఆ శాసనము తెలుపుచున్నది.

రాయల రాజధాని సింహాచలమునకు ఎంతో దూరమున, తుంగభద్రా తీరమున ఉండెను. అది విశాఖకు ఉత్తరమున ఉన్న విజయనగరము కాదు. నేడు హంపి యని పిలువబడు చోట శిథిలములై కనబడు మహానగరము. అచ్చటినుండి బయలుదేరి, కొండలును నదులును దాటి, కోటలను పట్టుకొనుచు ఆ రాజు తూర్పు సముద్రతీరమునకు వచ్చెను. కవిగా, కవిపోషకునిగా, విజేతగా ఆయనను తెలుగువారందరును ఎఱుగుదురు. కాని ఆయన గొప్ప రౌతు అనియు, గుఱ్ఱముల విలువ తెలిసి రాజ్యమును నడిపినవాడనియు ఎఱిగినవారు తక్కువ. ఆయన జయములకును, తుదకు ఆయన దుఃఖమునకును గూడ ఆ విద్యతో సంబంధము కలదు.

కృష్ణరాయలు తుళువ వంశమున జన్మించెను. తండ్రి నరసనాయకుడు; తల్లి నాగలాంబ. నరసనాయకుని తరువాత పెద్దకుమారుడగు వీరనరసింహరాయలు రాజ్యమేలెను. నాటి పరిస్థితులు చిక్కైనవి. సామంతులు తిరుగుబాటు చేయుచుండిరి. ఇరుగుపొరుగు రాజులు సరిహద్దులను ఆక్రమించుచుండిరి. వీరనరసింహుడు మరణశయ్యపై నుండగా జరిగిన ఒక కథను నూనిజ్ అను పోర్చుగీసువాడు వ్రాసియుంచెను. తన కుమారునకే రాజ్యము దక్కవలెనను కోరికతో అతడు తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించుమని మంత్రి సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు రాకుమారుని దాచి, మేకకన్నులను తెచ్చి రాజునకు చూపెనట. ఇది ఎంతవరకు నిజమో చెప్పుట కష్టము. కాని 1509వ సంవత్సరమున కృష్ణరాయలు రాజగుటకు తిమ్మరుసు తోడ్పడెననుట నిజము. రాయలు ఆ వృద్ధమంత్రిని తండ్రివలె గౌరవించి అప్పాజీ యని పిలిచెడివాడు.

రాయలు సింహాసన మెక్కునాటికి దక్షిణాపథమున ముగ్గురు ప్రభువుల పేర్లు వినబడుచుండెను. ఓఢ్రదేశమును, తెలుగుతీరమున చాలభాగమును ఏలు రాజు గజపతి. ఏనుగుల బలము ఆయనది. ఉత్తరమున దక్కను సుల్తానులను అశ్వపతులనిరి. వారి బలము గుఱ్ఱపుదళము. విజయనగరాధీశుడు నరపతి. ఆయనకు కాల్బలము మెండు. అయితే కాలినడకన పోరువాడు ఎంత శూరుడైనను, వేగముగ వచ్చి తాకి, వెనుదిరిగి, మరల వచ్చి తాకు రౌతును ఎదుర్కొనుట దుస్తరము. ఈ సత్యమును విజయనగర ప్రభువులు కష్టములు పడి నేర్చుకొనిరి. 15వ శతాబ్దిలోనే రెండవ దేవరాయలు ముసల్మాను రౌతులను, విలుకాండ్రను కొలువునకు పిలిపించి, తనవారికి వారి విద్య నేర్పించెను.

గుఱ్ఱములు లేనిదే రాజ్యము నిలువదు. కాని దక్షిణదేశమున మేలుజాతి గుఱ్ఱములు పుట్టవు. నాటు తట్టువలు బరువులు మోయగలవే గాని రణమున ఆరబ్బీ గుఱ్ఱములతో పోటీపడలేవు. అందుచేత పారసీక, అరబ్బు దేశముల గుఱ్ఱములు ఓర్మజు మొదలైన రేవులనుండి ఓడలపై భట్కలు, గోవా వంటి పడమటి రేవులకు రావలెను. త్రోవలో ఎన్నియో చచ్చెడివి. విజయనగరమును పూర్వమేలిన సాళువ నరసింహరాయలు వర్తకులు వెనుదీయకుండుటకై ఒక ఉపాయము చేసెనని నూనిజ్ వ్రాసెను. సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు గూడ వెల యిచ్చెడివాడట; వర్తకుడు దాని తోకను తెచ్చి చూపిన చాలునట. గుఱ్ఱమునకు నాడు అంతటి విలువ ఉండెను.

కృష్ణరాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెడివాడని నూనిజ్ లెక్క చెప్పెను. వానిలో మేలైనవానిని తన సాలకు ఉంచుకొని, మిగిలినవానిని సేనానాయకులకు ఇచ్చెడివాడు. నాటు గుఱ్ఱములను వేయి పర్దావులకు ఐదింటి చొప్పున నాయకులకు అమ్మి, ఆ ధనముతోనే పోర్చుగీసువారి యొద్ద ఆరబ్బీ గుఱ్ఱములను కొనెడివాడు. విజయనగరపు వరహానే పోర్చుగీసువారు పర్దావు అనిరి. ఈ ఏర్పాటువలన ఖజానా నుండి ఒక్క వరహాయు పోకుండ సేనకు గుఱ్ఱములు సమకూరెను. 1510లో గోవా పోర్చుగీసువారి వశమైన తరువాత గుఱ్ఱముల వ్యాపారము వారి చేతికి చిక్కెను. రాయలు వారితో మైత్రి నెరపుటకు ఇది ముఖ్యమైన కారణము.

కాని గుఱ్ఱమును కొనినంత మాత్రమున అది యుద్ధమునకు పనికివచ్చునా? 13వ శతాబ్ది చివర దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో ఒక వింత చెప్పెను. పాండ్యదేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచుండిరట; వానిని పోషించు తీరు తెలియక, చికిత్స చేయువారు లేక, ఏడాది తిరుగకుండ వానిలో చాలభాగము చచ్చుచుండెనట. ధనముతో గుఱ్ఱము వచ్చును. విద్యతోనే అది నిలుచును. ఈ సంగతి విజయనగరమువారికి తెలియును. ఆ రాజధానిలో గుఱ్ఱములను చూచు సేవకులు 1,600 మంది యనియు, వానికి శిక్షణ నిచ్చువారు 300 మంది యనియు నూనిజ్ వ్రాసెను. ఆయన వ్రాసినది రాయల తరువాత కొలది ఏండ్లకు. ఆయన స్వయముగా గుఱ్ఱపు వర్తకుడు. కనుక ఆ మాట నమ్మదగినది.

మన దేశమున అశ్వవిద్య ప్రాచీనమైనది. శాలిహోత్రుని పేర, నకులుని పేర అశ్వశాస్త్రములు కలవు. భారతకథలో విరాటుని కొలువున నకులుడు గుఱ్ఱములను చూచు పని చేపట్టెను. అమరకోశము గుఱ్ఱపు నడకలను ఐదింటిని పేర్కొని పంచధారలని చెప్పినది. అవి ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. ఈ నడకలన్నియు వచ్చిన గుఱ్ఱమైనను, రౌతు కోరిన క్షణమున కోరిన దిక్కునకు మరలనిచో యుద్ధమున దానివలన చేటే గాని మేలు లేదు.

గుఱ్ఱమును మరలించుట చూచుటకు సులువు, నేర్పుటకు కష్టము. గుఱ్ఱము నోట నుండు లోహపు కడ్డీ కళ్లెము. కళ్లెమునకు ఇరువైపుల తగిలించి రౌతు చేతికి వచ్చు త్రాళ్లు వాగెలు. క్రొత్త గుఱ్ఱమును కుడికి త్రిప్పవలెనన్న కుడివాగెను మెల్లగ లాగవలెను. ఎడమకు త్రిప్పవలెనన్న ఎడమవాగెను లాగవలెను. దీనికి రౌతునకు రెండు చేతులును కావలెను. కాని రణమున కుడిచేత ఖడ్గమో ఈటెయో ఉండును. రెండు వాగెలును ఎడమచేత ఒక్క పిడికిట ఇమిడియుండును. అట్టి సమయమున ఒక వాగెను విడదీసి లాగుటకు వీలుండదు. అందుచేత మెడకు వాగె తగిలిన స్పర్శను బట్టియే మరలుటను గుఱ్ఱమునకు నేర్పుదురు. రౌతు చేయి ఇంచుక కుడికి జరిగిన, ఎడమవాగె మెడకు ఎడమప్రక్క ఆనును. ఆ స్పర్శనుండి తొలగినట్లుగా గుఱ్ఱము కుడికి మరలును. చేయి ఎడమకు జరిగిన, కుడివాగె మెడకు తగులును. గుఱ్ఱము ఎడమకు మరలును.

ఈ అర్థము గుఱ్ఱమునకు పుట్టుకతో తెలియదు. శిక్షకుడు మొదట దానిని నెమ్మదిగ నడిపించుచు, విశాలమైన వలయమున త్రిప్పును. కుడికి మరలవలసి వచ్చినపుడు మొదట ఎడమవాగెను మెడకు ఆనించును. వెంటనే దానికి తెలిసిన రీతిగా కుడివాగెను తేలికగా లాగును. తన చూపును, శరీరపు బరువును, కాలి ఒత్తిడిని గూడ అటే మొగ్గించును. గుఱ్ఱము ఒక్క అడుగు సరిగా వేసిన మరుక్షణమే వాగెలను వదులు చేయును. ఆ వదలుటయే దానికి బహుమానము. ఇట్లు పలుమారులు జరిగిన పిమ్మట, మెడకు వాగె ఆనుటకును మరలుటకును గల సంబంధము గుఱ్ఱము మనసున నాటుకొనును. అప్పుడు శిక్షకుడు లాగుటను దినదినము తగ్గించి, తుదకు మానివేయును. వలయమును చిన్నది చేయును. నడకను పరుగు చేయును. కుడికి ఎంత నేర్పెనో ఎడమకును అంతే నేర్పును. లేనిచో గుఱ్ఱము ఒక ప్రక్కకే వంగును.

ఈ శిక్షణలో పెద్ద శత్రువు శిక్షకుని కోపమే. కోపించి కళ్లెమును గుంజిన, గుఱ్ఱము మెడను మాత్రము వంచి, శరీరముతో తిన్నగనే పోవును. మాటిమాటికి గుంజిన దాని నోరు మొద్దుబారును. అట్టి గుఱ్ఱమునకు ఎంత బలవంతుని చేయియైనను చాలదు. సహనముతో నేర్చిన గుఱ్ఱమునకు నూలుపోగంత స్పర్శ చాలును. గుఱ్ఱమును మరలింపనేర్చినవాడు ముందుగా తన చేతిని అదుపున నుంచుకొనవలెను.

రాయలు ఈ విద్యను పరులకు విడిచిపెట్టి ఊరకుండలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు రాయల దినచర్యను వర్ణించెను. రాయలు ప్రతిదినము తెల్లవారక మునుపే లేచి నువ్వులనూనె త్రాగును. ఒడలికంతటికి నూనె పట్టించుకొనును. బరువైన గుండ్లను ఎత్తును. కత్తి పట్టి సాము చేసి, ఆ నూనె యంతయు చెమటతో పోవువరకు శ్రమించును. మల్లునితో కుస్తీ పట్టును. అటుపిమ్మట గుఱ్ఱమునెక్కి, మైదానమున అటునిటు త్రిప్పుచు తెల్లవారువరకు స్వారి చేయును. ఆ పిమ్మటనే స్నానము, పూజ, రాచకార్యములు. చక్రవర్తికి గుఱ్ఱమెక్కి చీకటిలో మైదానమున తిరుగవలసిన అగత్యమేమి? విద్య మఱవకుండుటకు నిత్యాభ్యాసము ఒక్కటే మార్గమని ఆయన ఎఱుగును. ఆయన మధ్యమమైన ఎత్తు గలవాడనియు, ముఖమున మశూచి మచ్చలుండెననియు, సంతోషస్వభావుడనియు, పరదేశులను ఆదరించువాడనియు పేస్ చెప్పెను. ఆయనకు ఉన్నట్లుండి పట్టరాని కోపము వచ్చుననియు గూడ చెప్పెను. ఆ చివరి మాట ముందు ముందు జ్ఞప్తికి రావలసినది.

1513లో రాయలు గజపతి ప్రతాపరుద్రునిపై దండెత్తెను. మొదటి లక్ష్యము ఉదయగిరి దుర్గము. అది కొండపై నున్నది; చేరుటకు మార్గములు ఇరుకు. రాయలు బండలను పగులగొట్టించి, సేన పోవుటకు బాటలు వేయించెను. నెలలకొలది ముట్టడి సాగెను. 1514లో ఉదయగిరి లొంగెను. 1515లో కొండవీడు పడిపోయెను. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ యయ్యెను. పిమ్మట కొండపల్లి, రాజమహేంద్రవరములను గెలిచి రాయలు 1516లో సింహాచలమునకు వచ్చెను. ఆ ప్రాంతముననే పొట్నూరున జయస్తంభమును నాటించెను. తూర్పుతీరమున అంత దూరము వచ్చి గెలిచిన విజయనగరప్రభువు వేఱొకడు లేడు.

తుదకు గజపతి సంధి కోరెను. తన కుమార్తెను రాయలకు ఇచ్చి వివాహము చేసెను. అప్పుడు రాయలు ఒక గొప్ప పని చేసెను. కృష్ణానదికి ఉత్తరమున తాను గెలిచిన దేశమునంతటిని గజపతికి తిరిగి ఇచ్చివేసెను. సింహాచలము, పొట్నూరు గూడ అందులోనివే. దూరపుసీమలను బలముతో పట్టియుంచుటకు సేనను చీల్చవలెను. పడమట సుల్తానులు కాచుకొనియుండిరి. గెలిచినదానిని వదలుటకు గెలుచుటకంటె ఎక్కువ ధైర్యము కావలెను. మంచి రౌతు గుఱ్ఱమును పరుగెత్తించుటయే గాక, సమయము తెలిసి వాగెను వదులు చేయుటయు ఎఱుగును. రాయలు 1519లో మరల సింహాచలస్వామిని దర్శించెను.

ఈ దండయాత్రా కాలముననే కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు తనకు కలలో కనబడి కావ్యము వ్రాయుమని ఆజ్ఞాపించెనని రాయలు చెప్పుకొనెను. ఆ కావ్యమే ఆముక్తమాల్యద. అది భక్తికథ. కాని అందులో రాజనీతి చెప్పు పద్యములు కూడ కలవు. వానిలో రేవులను గుఱించిన సలహా ఒకటి గమనింపదగినది. రాజు తన రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు మొదలైనవి సులభముగా వచ్చునట్లు చేయవలెనని రాయలు వ్రాసెను. గుఱ్ఱములను ఏనుగులను తెచ్చు దూరదేశపు వర్తకులకు ఊళ్లును, నగరమున మంచి ఇండ్లును ఇచ్చి, నిత్యము కొలువున ఆదరించి, తగిన లాభము కల్పించవలెననియు, అట్లు చేసిన ఆ సరకు శత్రువులకు చేరదనియు సూచించెను. నిత్యము గుఱ్ఱమునెక్కిన చేయియే ఈ పద్యములను వ్రాసినది. కనుకనే అందులో ఊహకంటె అనుభవము ఎక్కువ.

గుఱ్ఱములను గుఱించియే రాయల జీవితమున మహాయుద్ధము సంభవించెను. నూనిజ్ చెప్పిన వృత్తాంతమిది. రాయలు తన కొలువున నున్న ఒక ముసల్మాను వర్తకునకు 40,000 పర్దావులిచ్చి, గోవాలో గుఱ్ఱములను కొనితెమ్మని పంపెను. అతడు ఆ ధనముతో బిజాపురపు సుల్తానైన ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఆశ్రయించెను. అతనిని అప్పగింపుమని రాయలు వ్రాసెను, సుల్తాను అప్పగింపలేదు. రాయచూరు దుర్గమును గెలువవలెనను సంకల్పము విజయనగరమువారికి వెనుకటినుండియు ఉండెను. దానికి ఈ నెపము తోడయ్యెను. 1520లో రాయలు మహాసేనతో కదలి రాయచూరును ముట్టడించెను. కోటను కాపాడుటకై ఆదిల్‌షా కృష్ణానదిని దాటి వచ్చి, నదికి ఈవల కందకములు త్రవ్వించి, ఫిరంగులను నిలిపి కాచుకొనియుండెను.

మే నెలలో యుద్ధము జరిగెను. రాయల మొదటి పంక్తులు ఉత్సాహముతో పైబడి శత్రువులను కందకముల వరకు తరిమినవి. అంతట ఆదిల్‌షా ఫిరంగులన్నియు ఒక్కసారిగ ప్రేలెను. మునుముందు నిలిచినవారు కుప్పలుగా కూలిరి. మిగిలినవారు బెదరి వెనుదిరిగి పరుగెత్తిరి. శత్రురౌతులు వారిని తరుముచు వచ్చిరి. రాయలు అప్పుడు రెండవ పంక్తిలో నుండెను. తొలిపంక్తి పరుగు రెండవ పంక్తికి తగిలినచో సేనయంతయు చెదరిపోవును, రాజ్యమే మునిగిపోవును.

రాయలు తన వ్రేలి ఉంగరమును తీసి పరిచారకుని చేత నుంచెను. తాను మరణించినచో దానిని రాణులకు గుర్తుగా చూపుమని చెప్పెను. పిదప గుఱ్ఱమునెక్కి ముందునకు సాగెను. వెన్నిచ్చి వచ్చువారిని నరకుడని కఠినమైన ఆజ్ఞ ఇచ్చెను. ఆ ఆజ్ఞ భయంకరమైనది. కాని సేనను మరలించినది ఆజ్ఞ ఒక్కటే కాదు. ప్రభువు స్వయముగా గుఱ్ఱముపై శత్రువులకు ఎదురేగుట చూచిన సైనికులు తమ ప్రాణములను లెక్కింపలేదు. చెదరినవారు మరలిరి, నిలిచినవారు ముందునకు దూకిరి. గెలిచితిమని తరుముచు వచ్చుచున్న శత్రురౌతులు ఎదురుచూడని ఆ తాకిడికి తాళలేక నదివైపు పరుగిడిరి. అనేకులు కృష్ణలో మునిగి మరణించిరి. ఆదిల్‌షా ఏనుగునెక్కి నది దాటి ప్రాణములు దక్కించుకొనెను. 4,000 ఓర్మజు గుఱ్ఱములు, 100 ఏనుగులు, 400 పెద్ద ఫిరంగులు రాయల వశమయ్యెనని నూనిజ్ లెక్క.

నది యొడ్డున సేనానాయకులు, పారిపోవువారిని వెంబడించి నిశ్శేషముగా సంహరింపవలెనని కోరిరి. నీటిలో కొట్టుమిట్టాడు జనమును చూచి రాయల హృదయము కరగెను. ఏ తప్పును చేయనివారు ఎందఱో చనిపోయిరని పలికి, సేనను వెనుకకు పిలిచెను. ఆ దినమున ఆయన రెండుమారులు సేనను మరలించెను. మొదటిసారి భయమునుండి ధైర్యమునకు. రెండవసారి క్రోధమునుండి దయకు. రెండవది మొదటిదానికంటె కష్టమైనది.

అటుపిమ్మట రాయచూరు ముట్టడి మరల సాగెను. గుఱ్ఱములతో విజయనగరమునకు వచ్చియుండిన క్రిస్తోవావ్ ద ఫిగెరెడో అను పోర్చుగీసు నాయకుడు తన తుపాకివాండ్రతో రాయలకు తోడయ్యెను. వారు గోడలపై తల యెత్తినవారిని గురిచూచి కొట్టుచుండగా, రాయల భటులు క్రింద గోడరాళ్లను పెకలించిరి. కొలది దినములలో కోట లొంగెను. రాయలు పురప్రజలకు అభయమిచ్చి, వారి ధనమునకు హాని కలుగనీయలేదు.

గెలుపు రౌతునకు గొప్ప పరీక్ష. ఆదిల్‌షా సంధికై రాయబారులను పంపెను. ఆయన స్వయముగా వచ్చి తన పాదమును ముద్దాడినచో పోయిన దేశమునిత్తునని రాయలు బదులు చెప్పెనట. ఆదిల్‌షా రాలేదు, సంధియు కుదురలేదు. గజపతితో కయ్యమును వియ్యముగా మార్చుకొనిన రాజు ఇచ్చట వాగెను వదలలేకపోయెను. సుల్తానుల పగ చల్లారలేదు. రాయల మరణమునకు 36 ఏండ్ల తరువాత, 1565లో ఆ సుల్తానులు ఏకమై విజయనగరమును ఓడించి, మహానగరమును నాశము చేసిరి.

రాయల తుదిదినములు దుఃఖముతో నిండినవి. ఆయన తన చిన్నకుమారుడు తిరుమలరాయునకు పట్టము కట్టి, తాను మంత్రిగా నుండి రాజ్యమును నడుపవలెనని తలచెను. 1524 ప్రాంతమున ఆ బాలుడు వ్యాధిచే మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించెనని ఎవరో రాయల చెవిని వేసిరి. నూనిజ్ వ్రాసినదానిని బట్టి, రాయలు కోపావేశమున తిమ్మరుసును, ఆయన కుమారులను బంధించి, వారి కన్నులు తీయించెను. ఒకనాడు మేకకన్నులు చూపి రాయల చూపును కాపాడిన మంత్రికి ఆ రాయల చేతనే చూపు పోయెను. పేస్ చెప్పిన ఆకస్మికక్రోధము ఇట్లు ఫలించెను. వేలకొలది గుఱ్ఱములను లోబఱచుకొనిన చేయి, ఆ క్షణమున తన మనసు పగ్గమును పట్టలేకపోయెను. 1529లో రాయలు వ్యాధిగ్రస్తుడై మరణించెను.

హంపిలో మహర్నవమి దిబ్బ రాళ్లపై, హజారరామాలయపు ప్రాకారముపై గుఱ్ఱముల వరుసలు నేటికిని కనబడుచున్నవి. ఒక్కొక్క గుఱ్ఱము ప్రక్క దాని పగ్గము పట్టినవాడుండును. ఆ శిల్పులు గుఱ్ఱమును ఎంత శ్రద్ధతో చెక్కిరో, దానిని నడిపించువానిని గూడ అంత శ్రద్ధతోనే చెక్కిరి.

శరీరము రథమనియు, ఇంద్రియములు గుఱ్ఱములనియు, మనసు పగ్గమనియు కఠోపనిషత్తు బోధించును. రాయల చరిత్ర ఆ బోధకు నిదర్శనమువంటిది. ఆయన సహనముతో నేర్చి, నిత్యము అభ్యసించి, సమయమునకు మరలించి, సమయమునకు వదలినంతకాలము గుఱ్ఱములును, సేనలును, రాజ్యమును ఆయన చేతి స్పర్శకు లోబడి నడచినవి. కోపముతో ఒక్కమారు పగ్గము గుంజినపుడు ఆయన తన ఆప్తునే కోల్పోయెను. సింహాచలశాసనము ఆయన విజయమును చెప్పుచున్నది. తిమ్మరుసు కథ ఆయన పరాజయమును చెప్పుచున్నది. రెండింటిని ఎఱిగినవారికే ఆ మహారాజు పూర్ణముగా తెలియును.